మా ఆడపిల్లలకు పేజీ కట్టడం నేర్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పాలకొల్లులో ఫ్లెక్సీలు, శుభలేఖలు, సావనీర్లు డిజైన్ చేసి బతుకుతున్నాను. మీ పార్టీవాళ్ల పుట్టినరోజు బ్యానర్లూ మా షాపుల్లోనే తయారవుతాయి. ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉండాలో, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదో మా పిల్లలకి కంఠతా వచ్చు. అది పక్కనపెట్టి, ఒక అమెరికా ఆవిడ సంగతి చెప్పి మిమ్మల్ని ఒకటి అడుగుదామని రాస్తున్నాను.

ఆవిడ పేరు సిపీ పినెలెస్. 1908లో వియన్నాలో పుట్టి, టీనేజీలో కుటుంబంతో అమెరికా చేరింది. 1929లో ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు ముగించి ఉద్యోగాలకి తిరిగితే, బొమ్మలు చూసి మెచ్చుకున్నవాళ్లే ఆ వింత పేరు ఆడమనిషిదని తెలిశాక మొహం చాటేశారు. 1932లో పత్రికలు నడిపే కోండే నాస్ట్ సంస్థ తీసుకుంది. అక్కడ ఆర్ట్ డైరెక్టర్, అంటే పత్రిక పేజీలు ఎలా కనిపించాలో తేల్చే పెద్ద, ఆఘా. ఆయన ఏం చేసి చూపించినా చాలదని, ఇంకా లోతుకెళ్లమని వెనక్కి పంపేవాడు. అంతకంటే మంచి బాస్ ఉండడని తర్వాత ఆవిడే చెప్పుకుంది. పదేళ్లు అలా నలిగాక 1942లో గ్లామర్ పత్రికకి ఆర్ట్ డైరెక్టర్ అయింది. పెద్ద పత్రికల్లో ఆ కుర్చీ ఎక్కిన తొలి మహిళల్లో ఆవిడ ఒకరు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి పని. టీనేజీ పిల్లల పత్రిక సెవెంటీన్‌లో కథలకి బొమ్మలు వేయమని బెన్ షాన్ లాంటి పేరున్న పెయింటర్లని పిలిచింది. కథంతా చదవండి, మీకు నచ్చిన ఘట్టం వేయండి, గ్యాలరీలో మీ మిగతా బొమ్మల పక్కన నిలబడేలా ఉంటే చాలు అంది. పిల్లల పత్రికే కదా అని తేలిగ్గా తీసుకోలేదు. 1950లో ఉద్యోగినుల పత్రిక చార్మ్‌కి వెళ్లి, బట్టల ఫొటోలని ఆఫీసుకెళ్లే దారిలో, పనిచేసేచోట తీయించింది.

ఇంత చేసినా న్యూయార్క్ ఆర్ట్ డైరెక్టర్స్ క్లబ్ ఏళ్లతరబడి ఆవిడని చేర్చుకోలేదు. చివరికి తనూ డిజైనరే అయిన భర్త విలియం గోల్డెన్‌కి సభ్యత్వమిస్తామంటే, అర్హతలన్నీ ఉన్న నా భార్యని కాదన్నవాళ్లు మీరేం క్లబ్బండీ అన్నాడాయన. అప్పుడు తలుపు తీశారు.

మనకీ వారసత్వం తక్కువేం కాదు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఉంది. నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత ఫాంటై మా శుభలేఖల మీద రోజూ నడుస్తోంది. లేనిదల్లా ఆడపిల్లకి ముందుకెళ్లే దారి.

మా షాపులో ఒకమ్మాయి ఉంది. ప్రభుత్వ డ్రాయింగ్ పరీక్షల్లో హయ్యర్ పాసైంది. ‘లక్ష్మి’ కింది వత్తు దిగువ లైనులోని గుడికి తగులుతుంటే, కస్టమర్ పట్టించుకోకపోయినా లీడింగ్ (లైన్ల మధ్య ఖాళీ) పెంచి మొత్తం మళ్లీ సర్దుతుంది. ఆ కన్ను అందరికీ ఉండదు. తర్వాత ఎక్కడికెళ్లాలి? మన రాష్ట్రానికి ఎన్ఐడీ (జాతీయ డిజైన్ విద్యాసంస్థ) వచ్చింది, సంతోషమే. కానీ అక్కడ సీటుకి దేశమంతా పోటీ. అలాంటి పరీక్ష ఒకటుందని కూడా మా పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆఘాలా వెనక్కి పంపి మళ్లీ చేయించే గురువు ఇక్కడ ఎవరూ లేరు. నాకా, బ్యానర్ డెలివరీ టెన్షనే సరిపోతుంది.

కాకినాడ మహిళా పాలిటెక్నిక్‌లోనో, నరసాపురం వైపు ఏదైనా ప్రభుత్వ కాలేజీలోనో డ్రాయింగ్ హయ్యర్ పాసైనవాళ్లకి ఏడాది కోర్సు పెట్టించండి. తెలుగు అక్షరం, పేజీ లేఅవుట్, ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌కి ఫైలు సిద్ధం చేయడం నేర్పాలి. పాఠం తెలుగులోనే చెప్పాలి. డిగ్రీ లేకపోయినా ప్రెస్సులో తల నెరిసినవాళ్లని చెప్పనివ్వండి. పాఠ్యపుస్తకాలు మీ శాఖవే కాబట్టి, వాటి లేఅవుట్‌లో కొంత పని స్టైపెండ్‌తో ఈ పిల్లలకే ఇవ్వొచ్చు. పుస్తకంలో వాళ్ల పేరూ వేయండి.

దరఖాస్తు ఫారం తెలుగులో ఉండాలి. కావాలంటే అది మా షాపు అమ్మాయే డిజైన్ చేస్తుంది, డబ్బులక్కర్లేదు.

ఇట్లు,
పాలకొల్లు నుంచి ఒక డీటీపీ ఆపరేటర్