కంచం ముందు ఒక్క నిమిషం

అందరికీ నమస్కారం. పూజకు తీరిక దొరకట్లేదని, మనసు కుదురుగా ఉండట్లేదని గ్రూపులో చాలామంది రాస్తున్నారు. పిల్లల క్యారేజీలు, ఆఫీసు టెన్షన్ల మధ్య దొరకదు కూడా. గంటసేపు కూర్చోలేకపోతే పోనివ్వండి, కంచం ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి.

మా నాన్నమ్మ వేడన్నంలో నెయ్యి వేసుకుని, మొదటి ముద్ద కళ్లకద్దుకుని గానీ నోట్లో పెట్టుకునేది కాదు. తిన్నాక "అన్నదాతా సుఖీభవ" అనేది, వండింది తనే అయినా సరే! నాట్లేసిన కూలీల దగ్గర్నుంచి బియ్యం మూట మోసినతని దాకా అందరికీ చేరేది ఆ దీవెన. మనమేమో ఒక చేత్తో ఫోన్ తిప్పుతూ, ఏం తిన్నామో కూడా తెలియకుండా లేచిపోతున్నాం.

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ పొయ్యి వెలిగించి అన్నం పెట్టారు. ఆవిడ పూజ అదేనని నాకనిపిస్తుంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానంలోనూ అంతే, పక్కన కూర్చున్నది ఎవరో ఎవరూ అడగరు.

ఈ వారం రాత్రి భోజనాలప్పుడు టీవీ, ఫోన్లు కట్టేసి చూద్దాం. ఆ రోజు ఎవరు ఏం సాయం చేశారో పిల్లల చేత చెప్పించండి. "వాచ్‌మన్ అంకుల్ బాల్ తెచ్చిచ్చాడు" అంటారు, అదీ లెక్కే. ఎలా జరిగిందో ఆదివారం ఇక్కడే రాయండి. గుడ్ మార్నింగ్ ఫొటోలు మాత్రం కాస్త తగ్గించండి, ప్లీజ్!