షేల్ రాయి ఉన్నంత మాత్రాన చమురు ఉండదు

ఎడిటర్ గారికి,

షేల్ (సన్నటి బురద గట్టిపడి అయిన రాయి) నుంచి తీసే చమురు మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. ధరల గొడవ బాగానే రాశారు గానీ, ఆ రాతిలోకి చమురు ఎలా వచ్చిందన్నది ఒక్క వాక్యంలో తేల్చేశారు. పక్కన బొమ్మలో అయితే భూమి లోపల ఏకంగా నల్లటి చెరువు! మామూలు చమురు క్షేత్రాల్లో కూడా చమురు ఉండేది రాతి రేణువుల మధ్య సందుల్లోనే. షేల్ లాంటి టైట్ (బిగుతైన) రాతిలో ఆ సందులు మరీ సన్నం, ఒకదానితో ఒకటి సరిగా కలిసి కూడా ఉండవు.

షేల్ ఎక్కడుంటే అక్కడ చమురు ఉన్నట్టే అని రాయడం ఇంకా పెద్ద పొరపాటు. ముందు సముద్రం అడుగునో సరస్సు అడుగునో ఆక్సిజన్ అందని చోట నాచు, ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కుళ్లిపోకుండా సన్నటి బురదలో కూరుకుపోవాలి. అక్కడితో అయిపోదు, ఆ బురద రాయై రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో లక్షల ఏళ్లు సన్నటి సెగ మీద ఉడికినట్టు ఉడికితేనే అందులోని కెరోజెన్ (ఆ జీవుల అవశేషాలు మారి అయిన గట్టి పదార్థం) చమురవుతుంది. అమెరికాలోని గ్రీన్ రివర్ రాతిలో సేంద్రియ పదార్థం బోలెడంత ఉంది, కానీ చాలా చోట్ల అంత లోతుకు దిగలేదు కాబట్టి ఇప్పటికీ చాలావరకు గట్టి కెరోజెన్‌గానే మిగిలిపోయింది. వేడి మరీ ఎక్కువైతే ఇంకో తంటా. టెక్సాస్‌లోని ఈగిల్ ఫోర్డ్ చూడండి, ఒకటే పొర, వాయవ్యాన లోతు తక్కువ కాబట్టి చమురు, ఆగ్నేయానికి పోయేకొద్దీ లోతు పెరిగి గ్యాస్.

నార్త్ డకోటా కింద ఉన్న బాకెన్ పొర గురించి రాసి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు. దాదాపు 36 కోట్ల ఏళ్ల నాటిది. పైనా కిందా సేంద్రియ పదార్థం దండిగా ఉన్న నల్లటి షేల్, మధ్యలో ఇసుక, డోలమైట్ (సున్నపురాయి లాంటి ఖనిజం) కలిసిన గట్టి రాయి. కెరోజెన్ చమురుగా మారేటప్పుడు చోటు చాలక ఒత్తిడి పెరిగి, షేల్‌లో వెంట్రుకవాసి పగుళ్లు పడి, చమురు ఆ మధ్య పొరలోకి తోసుకొచ్చింది. పైనున్న సున్నపురాయి కూడా టైటే కాబట్టి చాలావరకు అక్కడే ఆగిపోయింది. అంటే మామూలు క్షేత్రాల్లోలా గుమ్మటం ఆకారంలో మడత పడిన పొర కోసం వెతకనక్కర్లేదు, పుట్టినచోటికి పక్కనే దొరుకుతుంది. అక్కడ చమురుందని 1950ల్లోనే తెలుసు, అడ్డంగా తవ్వి రాతిని పగలగొట్టే పద్ధతులు కుదిరాకే పెద్ద ఎత్తున బయటికొచ్చింది. బంకమన్ను ఎక్కువున్న రాయైతే అలా పగలగొట్టిన పగుళ్లు మళ్లీ మూసుకుపోతాయి, అదో తలనొప్పి.

పొరలు కుదురుగా ఉండటం కూడా ముఖ్యమే. కాలిఫోర్నియాలోని మాంటెరీ పొర భూకదలికలకు మడతలు పడి ముక్కలైంది. అక్కడ 1,370 కోట్ల బ్యారెళ్లు తీయొచ్చన్న అంచనాను అమెరికా ఇంధన సమాచార సంస్థే 2014లో 60 కోట్లకు దించేసింది. షేల్ లేక కాదు, ఉన్నది బాకెన్ తీరులో లేక.

ఈసారి మ్యాప్ వేస్తే షేల్ ఎంత దూరం పరుచుకుందో కాకుండా, అందులో ఎంత మేర చమురు తయారయ్యే వేడి తగిలిందో రంగులు వేసి చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు