రాక్ హోరు సరే, నీళ్ల గోడు ఎవరు రాస్తారు?

సంపాదకులు గారికి,

పోయిన సోమవారం మీ జిల్లా పేజీలో వచ్చిన ‘రాక్ హోరు.. స్థానికుల బేజారు’ వార్త చదివాను. అంతకుముందు శనివారం మన ఊరి శివార్లలో జరిగిన రాక్ సంగీత పండగ గోలకు చుట్టుపక్కలవాళ్లు విసిగిపోయారని, కుర్రాళ్లు మత్తులో తూలారని అందులో రాశారు. కోపం కాస్త తగ్గాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లూ ఆగాను. తగ్గలేదు, రాస్తున్నాను.

ఆ శనివారం ఆ మైదానంలో నేనూ ఉన్నాను. నాతోపాటు డిగ్రీ నాటి స్నేహితులు. అందరం యాభై దాటినవాళ్లమే. మీ విలేకరి రాసిన ‘మత్తులో తూలిన యువత’లో మమ్మల్ని కూడా కలిపారో లేదో తెలియదు. క్యాసెట్ల కాలం నుంచి ఈ పాటలు వింటున్నవాళ్లం. విదేశీ బ్యాండ్లు, 2007లో ఐరన్ మెయిడెన్ వచ్చినా, 2011లో మెటాలికా వచ్చినా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ దాకా రాత్రి బస్సెక్కి వెళ్లాం. ఇన్నాళ్లకు మన ఊరి శివార్లలోనే పొద్దంతా రాక్ పండగ అంటే సంబరపడి టికెట్లు కొన్నాం, వాటి మీద 18 శాతం జీఎస్టీ కట్టి మరీ.

సంగీతానికి వంక పెట్టను. పొద్దు వాలే వేళకు ఒక కుర్ర బ్యాండ్ తెలుగులో పాడింది. డ్రమ్స్ మీద ఒక అమ్మాయి. ఆ పిల్ల దరువుకు చుట్టూ ఉన్న కాలేజీ పిల్లలు పూనకం వచ్చినట్టు ఊగారు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి వీఆర్ఎస్ తీసుకున్న మా వాడు “ఒరేయ్, వీళ్లు ఇన్నాళ్లూ ఎక్కడున్నార్రా” అని నా భుజం మీద ఒక్కటి చరిచాడు. ఇప్పటికీ నొప్పిగానే ఉంది. ఇదంతా మీ వార్తలో లేదు.

గోల చూడాలంటే గేటు దగ్గర చూడాల్సింది. సీసాలు లోపలికి తీసుకురాకూడదట. నా చేతిలో మా ఆవిడ ఇచ్చిన రాగి సీసా ఉంది. నీళ్లు పారబోస్తాను, ఖాళీది తీసుకెళ్తాను అన్నాను. “రూల్ సార్, లోపల దొరుకుతాయి” అని లాక్కున్నాడు సెక్యూరిటీ కుర్రాడు. పక్కనే సీసాల గుట్ట. ఒకాయన ఆ గుట్టలోంచి స్టీలువీ రాగివీ ఏరి విడిగా గోనెసంచిలో వేసుకుంటున్నాడు. ప్లాస్టిక్‌వి అక్కడే వదిలేశాడు, భద్రతకు ముప్పు వాటితోనే కాబోలు! మాలో ఒకడికి షుగర్. వాడి జేబులోని బిస్కెట్ ప్యాకెట్ కూడా పోయింది. మాత్రలకు డాక్టరు చీటీ అడిగారు. ఫోన్‌లో వెతికి చూపించేసరికి మొదటి బ్యాండ్ పాడి దిగిపోయింది.

లోపల నీళ్లు దొరికాయి. అర లీటరు అరవై రూపాయలు. అదీ డబ్బులిస్తే ఇవ్వరు. చేతికి కట్టిన బ్యాండ్‌లో కనీసం ఐదొందలు రీఛార్జ్ చేయించాలి. మిగిలింది వెనక్కి కావాలంటే యాప్‌లో అడగాలి, అందులో కొంత కోత. ఇంకా రాలేదు. బీరు కౌంటర్లు మాత్రం ఎటు తిరిగినా ఉన్నాయి, క్యూ లేకుండా. ఆడవాళ్ల టాయిలెట్ల దగ్గర క్యూ మైదానం సగం దాకా వచ్చింది. చీకటి పడేసరికి వాటిలో నీళ్లు కూడా లేవు. ముందు వరసల్లో ఒక అమ్మాయి కళ్లు తిరిగి కూలబడితే, పక్కవాళ్లే తమ అరవై రూపాయల సీసాలు చేతులు మార్చి అందించారు. ఫస్ట్ ఎయిడ్ టెంట్ ఎక్కడని వాకీటాకీ పట్టుకున్నవాణ్ని అడిగితే “కంట్రోల్ రూమ్‌లో అడగండి” అన్నాడు. కంట్రోల్ రూమ్ ఎక్కడో అతనికీ తెలియదు.

ఇక మీరు హెడ్డింగ్‌లో పెట్టిన హోరు సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు 2000 నుంచి ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని పరిమితి కూడా ఉంది. ఆ శనివారం పది కొట్టకముందే, పాట సగంలో ఉండగా సౌండ్ ఆపేశారు. మంచిదే. మరి మా కాలనీలో పెళ్లి బరాత్ డీజే అర్ధరాత్రి దాటినా కిటికీ అద్దాలు వణికిస్తుంటే, రాజకీయ సభ మైకులు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంటే ఈ డెసిబెల్స్ ఎవరికీ గుర్తురావేం? 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ నిషేధం మా వీధి దాకా ఇంకా నడిచి రాలేదు. గిటార్ కనబడితే మాత్రం మన సంస్కృతి చెడిపోతుంది.

అధికారులకూ ఇదే జబ్బు. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ హైదరాబాద్ కచేరీకి ముందు మద్యం, డ్రగ్స్, హింసను ప్రోత్సహించే పాటలు పాడొద్దని నోటీసు ఇచ్చారు. ఆయన మాటలు మార్చి పాడి చప్పట్లు కొట్టించుకుని వెళ్లాడు. పాటలో ఏ మాట ఉందో చూసే శ్రద్ధ, మైదానానికి ఎన్ని దారులున్నాయో చూడటంలో ఎందుకు లేదు? మేం బయటికి వచ్చింది ఒకే ఒక్క గేటు నుంచి. అటూ ఇటూ రేకుల గోడ, కాళ్ల కింద కేబుళ్లు, వెనక నుంచి తోపులాట. 2023 నవంబరులో కొచ్చి కుశాట్ యూనివర్సిటీలో కచేరీ మొదలవకముందే తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. మరుసటి ఏడాది డిసెంబరులో మన సంధ్య థియేటర్ దగ్గర ఒక తల్లి ప్రాణం పోయింది. ప్రతిసారీ విచారణకు ఆదేశిస్తారు, నివేదిక వచ్చేలోపు ఇంకో కచేరీకి పర్మిషన్ ఇస్తారు. పోలీసు, ఫైర్, మున్సిపల్, మద్యానికి ఎక్సైజ్ వాళ్ల ఈవెంట్ పర్మిట్.. ఇన్ని సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ గేటు లోంచి నడిచి చూశారా?

ఏర్పాట్లు సరిగ్గా చేయడం అసాధ్యం కూడా కాదు. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో 2019 నుంచి ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు అమ్మడమే మానేశారు. మీ సీసా మీరే తెచ్చుకుని కుళాయి దగ్గర నింపుకోండి అంటారు. అంత దూరం దేనికి, అరుణాచల్‌లో జిరో అనే లోయలో 2012 నుంచి జరిగే సంగీతోత్సవానికి వేదికే వెదురుతో కడతారు. కొండల మధ్య వాళ్లకు అంత జాగ్రత్త చేతనైనప్పుడు, ఔటర్ రింగు రోడ్డు పక్కన మనకు ఒక నీళ్ల ట్యాంకర్ పెట్టడం చేతకాదా?

నిన్న మీ పేపర్లోనే మరో కచేరీకి పూర్తి పేజీ ప్రకటన చూశాను. తారల ఫొటోలు, స్పాన్సర్ల గుర్తులు, బ్యాంకు కార్డుల మీద తగ్గింపు అన్నీ ఉన్నాయి. ఉచిత నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, బయటికి దారులు ఎన్నో ఒక్క లైన్ వేయిస్తే బాగుంటుంది. మీ యాడ్స్ వాళ్లు ఒప్పుకుంటేనే లెండి.

– ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్