పలాస గోదాము దగ్గర ఆగిన లారీ డ్రైవరు గారికి

అయ్యా, మీ పేరు అడగడం మరిచాం. 80 కిలోల జీడి పిక్కల బస్తాలు 12, అంటే టన్నుకు కాస్త తక్కువ, వాటిని పేర్చిన చెక్క పలక, అదే ప్యాలెట్‌తో సహా మా కళాసీ పాదం మీదకు దిగినప్పుడు అందరూ దాన్ని మోసే చేతి ట్రాలీని వెనక్కి లాగబోయారు. మీరు ఆపారు. లాగితే పాదం కూడా దాంతోపాటే ఈడ్చుకొస్తుంది. ట్రాలీ పిడి దగ్గరి మీట మీ చేతిలోకి తీసుకోవడమే అసలు ఉపకారం. దానికి మూడు స్థానాలు: కిందికి నొక్కితే లేపుతుంది, మధ్యలో ఉంటే ఊరికే నడుస్తుంది, పైకి లాగితే బరువు ఒక్కసారిగా దిగుతుంది. కంగారులో చెయ్యి పైకే పోతుంది! మీరు కిందికి నొక్కి, పిడిని పంపులా కొట్టి, ప్యాలెట్ కింద దూరి ఉండే ఇనుప ఫోర్కులు లేచాకే కాలు తీయించారు. అంతకుముందే లారీ చక్రాలకు రెండువైపులా చెక్కముక్కలు పెట్టించారు. ఆ పని దించడం మొదలుపెట్టకముందే మేం చేయాల్సింది.

రక్తం కారే చోట మీ తువ్వాలు మడిచి, మధ్యలో ఎత్తి చూడకుండా పది నిమిషాలు అదిమారు. కాలు మర్దనా చేయనివ్వలేదు. ఆపరేషన్ అవసరం పడొచ్చని టీ కూడా వద్దన్నారు. 108 వచ్చేదాకా కదల్లేదు.

ఇప్పుడు మా ట్రాలీని చదునులో తోస్తున్నాం, లాగడం లేదు. వాలులో మనిషి ఎగువ వైపే. ముందు ఇనుప బొటనవేలి బూట్లు, ఆ తర్వాతే బస్తాలు.

మీ తువ్వాలు ఉతికి గుమస్తా దగ్గర ఉంచాం. ఇటు వస్తే తీసుకోండి.