నాన్న కోసం ఫిష్ అండ్ చిప్స్

ఒరేయ్ బావా,

వారం నుంచి జవాబివ్వలేదని తిట్టుకుంటూ ఉంటావు, తెలుసు. ఫోన్లో చెబితే సగం వినకుండానే నవ్వేసి పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ వారమంతా ఆఫీసు నుంచి వచ్చాక నేను చేసిన పని ఒక్కటే, చేపముక్కలు పిండిలో ముంచి నూనెలో వేయడం. ఇల్లంతా నీసు, కర్టెన్లు రెండుసార్లు ఉతికాం, మీ చెల్లెలు నాతో మాట్లాడ్డం మొన్ననే మళ్లీ మొదలుపెట్టింది.

సంగతేంటంటే, నాన్న మూడు నెలలకని వచ్చారు కదా. మొదటి శనివారమే విట్బీ తీసుకెళ్లాను. ఇంగ్లండ్‌లో మా లీడ్స్ నుంచి కార్లో రెండు గంటలు, సముద్రం ఒడ్డున ఊరు, కొండ మీద పాడుబడ్డ పాత మఠం, పైకి వెళ్లాలంటే 199 మెట్లు. నాన్న ఆ మెట్ల వంక కూడా చూడలేదు. కాకినాడ హార్బర్ పక్కన పెరిగిన మనిషి, తిన్నగా పడవల దగ్గరికి పోయి నిలబడ్డారు. ఊరంతా ఫిష్ అండ్ చిప్స్ వాసన, అంటే పిండిలో ముంచి వేయించిన చేప, పక్కన వేయించిన బంగాళాదుంప ముక్కలు. ఆయనకి నోరూరింది, నేనూ హుషారుగా క్యూలో నిలబెట్టాను. సగం దూరం వెళ్లాక గోడ మీద బోర్డు, మేం బీఫ్ డ్రిప్పింగ్‌లోనే వేయిస్తాం అని గర్వంగా. అదేంట్రా అన్నారు. గొడ్డు కొవ్వు నాన్నా అన్నాను. ఈ యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో అంతేరా, మామూలు నూనెలో వేయించారంటే వీళ్లకి నామోషీ. నాన్న ఇంకేమీ అనకుండా క్యూలోంచి పక్కకి జరిగి, "నువ్వు తిను, నేను కాస్త గాలి పీల్చుకుంటా" అన్నారు. నాకు మాత్రం ఎలా దిగుతుంది చెప్పు? ఇద్దరం బెంచీ మీద కూర్చుని మీ చెల్లెలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. ఒక సీగల్ వచ్చి దాని మీద కూడా దాడి చేసింది.

దారిలోనే అనేశాను, ఇంట్లో చేసిపెడతాను నాన్నా అని. ఇందులో ఏముంది, మిరపకాయ బజ్జీలో మిరపకాయ తీసేసి చేప పెడితే అదే కదా అనుకున్నాను.

అక్కడే బోల్తా పడ్డాను. మన బజ్జీ పిండిని ఎంత గిలక్కొడితే అంత గుల్లగా వస్తుంది, అది శనగపిండి. వీళ్లది మైదా. మైదాని గిలక్కొడితే సాగుతుంది, పూరీ పిండిలా బంక పట్టేస్తుంది. మొదటి రోజు నేను మన అలవాటు కొద్దీ పది నిమిషాలు చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. చేప ఫ్రీజర్‌లోంచి తీసి హడావిడిగా కరిగించింది, ఒళ్లంతా తడి. పైగా మూకుట్లో జాలీ బుట్ట పెట్టి దాంట్లో వేశాను, పిండి పోయి ఆ తీగలకి అతుక్కుపోయింది. లాగితే చేప ఒకవైపు చొక్కా, ఒకవైపు బనీను వేసుకున్నట్టు వచ్చింది. అప్పుడే పొగ అలారం మోగింది. నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలుతో దానికి విసురుతున్నారు, మీ చెల్లెలు తలుపులు తీస్తోంది, బయట రెండు డిగ్రీలు.

రెండోరోజు చేప కాస్త నయం, దుంపలు కొంప ముంచాయి. ఫ్రిజ్‌లో పెట్టిన బంగాళాదుంపలు వాడాను. చలికి దుంపలోని పిండి చక్కెరగా మారిపోతుందట, వేయించగానే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోయాయి. నాన్న మాట్లాడకుండా తిన్నారు. అది ఇంకా ఘోరంరా, తిట్టినా బాగుండేది.

ఇక మూడోసారి నేను కుదురుగా ఆలోచించాను. మొత్తం వ్యవహారమంతా నీళ్ల గొడవే బావా. నీళ్లు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండాలి, పైన మాత్రం ఉండకూడదు. హ్యాడక్ అనే సముద్రపు చేప తీసుకున్నాను (దక్షిణాన కాడ్ అనే ఇంకో చేప కావాలంటారు గానీ ఇక్కడివాళ్లకి హ్యాడకే చేప), ఒక్కోటి రెండొందల గ్రాముల ముక్క, ముల్లు తీసింది. ఉప్పు చల్లి పావుగంట వదిలేస్తే నీరూరుతుంది, దాన్ని శుభ్రంగా ఒత్తేసి, పొడి మైదాలో దొర్లించాలి. ఆ పొడిపిండి లేకపోతే జారుపిండి పట్టుకోదు. జారుపిండికి మైదా 150 గ్రాములు, బియ్యప్పిండి 50, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, ఉప్పు. ఇక్కడ బీరు పోస్తారు. నాన్న ఉన్నారు కాబట్టి నేను ఫ్రిజ్‌లో పెట్టిన సోడా పోశాను, పావు లీటరు పైన కాస్త పట్టింది. బీరులో అయినా సోడాలో అయినా పని చేసేది ఆ గ్యాసే, వేడి నూనె తగలగానే బుడగలు ఉబ్బి పిండి గుల్లవుతుంది. నాలుగుసార్లు తిప్పి ఆపేయాలి, ఉండలు ఉంటే ఉండనీ. నూనె కాగాకే పిండి కలపాలి, ముందే కలిపి పెడితే గ్యాస్ పోతుంది.

నూనె 180 డిగ్రీలు. బుట్ట లేదు, ముక్క తోక పట్టుకుని సగం దాకా నూనెలో దించి అటూ ఇటూ నాలుగు ఊపులు ఊపి, పిండి గట్టిపడ్డాక మెల్లగా వదలాలి, నీ నుంచి అవతలికి. అప్పుడది అడుక్కి పోయి అంటుకోదు, తేలుతుంది. ఒకేసారి రెండు ముక్కల కంటే వేయకు, నూనె చల్లారితే పిండి నూనె తాగుతుంది. ఆరేడు నిమిషాలు. ఆ పొర లోపల చేప తన ఆవిరిలోనే ఉడుకుతుంది, అందుకే వీళ్లు ఉప్పు తప్ప ఏమీ వేయకపోయినా అంత మెత్తగా ఉంటుంది. తీసి పేపరు మీద పెట్టకు, అడుగున చెమ్మ పట్టి మెత్తబడుతుంది, జాలీ మీద పెట్టు. అన్నట్టు, మూకుడు సగం కూడా నింపకు. మంటంటుకుంటే స్టవ్ కట్టేసి మూత పెట్టడమే, నీళ్లు పోశావో ఇల్లు పోయినట్టే.

చిప్స్‌కి ఇక్కడ మారిస్ పైపర్ అని ఒక రకం దుంప. బొటనవేలంత లావు కోసి, కడిగి, ఉప్పునీళ్లలో కొంచెం ఉడికించి, గుడ్డ మీద ఆరబెట్టి, 130 డిగ్రీల్లో ఒకసారి రంగు రాకుండా, చల్లారాక 190లో రెండోసారి. విసుగే. కానీ ఒక్కసారే వేయిస్తే అవి మన క్యాంటీన్ ఫింగర్ చిప్స్‌లాగే ఐదు నిమిషాల్లో వేలాడిపోతాయి.

తింటూ నాన్న అడిగారు, ఇది వీళ్లదేనా అని. పిండిలో వేయించిన చేప స్పెయిన్, పోర్చుగల్ నుంచి వచ్చిన యూదులు తెచ్చిందట. దానికి చిప్స్ కలిపి మొదట అమ్మింది 1860 ప్రాంతంలో లండన్‌లో జోసెఫ్ మాలిన్ అని కొందరు, కాదు లాంకషైర్ మాస్లీలో జాన్ లీస్ అని కొందరు, కాజా కాకినాడదా తాపేశ్వరానిదా అన్నంత తగువు. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా తిండి సరుకులకి రేషన్ పెట్టినా దీనికి పెట్టలేదు. పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవాళ్లు అనేసరికి నాన్న మొహం వెలిగింది, "మన బజ్జీల బండిలాగే" అన్నారు.

ఆయనకి అన్నిటికంటే నచ్చిందేంటో తెలుసా? నూనెలో విడిపోయి తేలిన పిండి తునకలు. చిల్లుల గరిటెతో తీసి పక్కన పడేస్తే చేత్తో ఏరుకుని తినేశారు. వీటికి ఇక్కడ పేరుంది నాన్నా, స్క్రాప్స్ అంటారు, అడిగితే చాలా షాపుల్లో ఊరికే ఇస్తారు అన్నాను. "మరి ఆ రోజు అవన్నా..." అని ఆగిపోయారు. బీఫ్ డ్రిప్పింగ్ గుర్తొచ్చింది.

నువ్వు చేస్తే పండుగప్పతో చెయ్, నడుముకీ తోకకీ మధ్య ముక్క, ముల్లు తీయించుకో. వంజరం వద్దు, నూనె చేప, ఈ పిండికి సరిపడదు. కొత్త బంగాళాదుంపలు తీసుకోకు, నీరెక్కువ. కారం వేయాలని చెయ్యి పీకుతుంది, మొదటిసారి మాత్రం వేయకు, నా మాట విను.

నాన్న ఆదివారం బయల్దేరుతున్నారు. ఆయన చేత నీకో వంట థర్మామీటర్, ఇక్కడ చిప్స్ మీద చల్లుకునే మాల్ట్ వెనిగర్ సీసా ఒకటి పంపిస్తున్నాను. సీసా ఆయన పంచెల మధ్య చుట్టి పెట్టాను, ఆయనకి చెప్పలేదు. నువ్వే వెళ్లి తీసుకో, మా అమ్మ పెట్టె తెరవకముందే.