రోమన్ మోర్టార్‌కు ఒకే రహస్యం లేదు

సంపాదకులకు నమస్కారం.

రోమన్ కాంక్రీటు రహస్యం బయటపడిందంటూ మీ విజ్ఞాన పేజీలో వచ్చిన కథనం చదివాను. నా ఉద్యోగ జీవితమంతా నిర్మాణ సామగ్రిని పరీక్షించే ప్రయోగశాలలో గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ శీర్షిక పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది.

ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం ప్రివెర్నమ్ గోడ నమూనాలపై 2023లో వెలువడిన అధ్యయనం గొప్పదే. కాంక్రీటులో రాళ్లను అతికించి పట్టి ఉంచే సున్నపు ముద్దే మోర్టార్. అందులోని తెల్లని సున్నపు పలుకులు సరిగా కలపకపోవడం వల్ల మిగిలినవేనని అంతకుముందు చాలామంది అనుకునేవారు. నీటితో కలిసినప్పుడు బాగా వేడెక్కే పొడిసున్నాన్ని ఆ వేడిమీదే కలపడం వల్ల అవి ఏర్పడ్డాయని, పగుళ్లలోకి నీరు చేరినప్పుడు వాటిలోని కాల్షియం కరిగి, మళ్లీ గట్టిపడి పగులును పూడుస్తుందని పరిశోధకులు చూపారు. కానీ అది ఒక గోడ చెప్పిన సంగతి. సముద్రంలో కట్టిన రేవు దిమ్మెలలో ఉప్పునీరు అగ్నిపర్వత బూడిదతో చర్య జరిపి టోబర్మోరైట్, ఫిలిప్సైట్ అనే ఖనిజాల స్ఫటికాలను పెంచింది. ఆ బూడిద కోసమే యూదయ రాజు హెరోదు కాలంలో ఇటలీలోని నేపుల్స్ అఖాతం నుంచి, నేటి ఇజ్రాయెల్ తీరంలోని సిజేరియా రేవు దాకా ఓడలు నడిచాయి. ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కూడా ఒకే పాళ్లు చెప్పలేదు. సున్నం ఒక వంతుకు తవ్వి తీసిన ఇసుకైతే మూడు వంతులు, నది ఇసుకైతే రెండు, సముద్రపు పనికి బూడిద రెండు వంతులు అన్నాడు.

పరీక్ష పద్ధతి గురించి కథనంలో ఒక్క ముక్కా లేకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. నమూనాను ఆమ్లంలో వేసి, కరిగినదంతా సున్నమని, మిగిలినదంతా ఇసుకని లెక్కగట్టే పాత పద్ధతి ఒకటుంది. ఇసుకలో సున్నపురాయి ముక్కలుంటే అవీ కరిగిపోతాయి, దాంతో సున్నం పాలు ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. అందుకే ముందుగా నమూనాను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, ధ్రువణ సూక్ష్మదర్శినిలో ఏ రాయి ఏదో, ఏ పలుకు చుట్టూ చర్య జరిగిందో చూడాలి. ఖనిజాలను గుర్తించే ఎక్స్‌రే వివర్తన పరీక్ష, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ తర్వాతే. ముక్కను ఎక్కడ తీశారన్నది అన్నిటికన్నా ముఖ్యం. తర్వాతి శతాబ్దాల మరమ్మతు పూతను రోమన్లదనుకుంటే ఎంత మంచి యంత్రమైనా తప్పు జవాబే ఇస్తుంది.

ఇకపై ఇలాంటి వార్తలు వేసినప్పుడు అది ఏ కట్టడమో, నమూనా గోడ లోపలిదో పైపూతదో, ఏ పరీక్షలు చేశారో రెండు వాక్యాలైనా చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు