నీల్ ద్వీపంలో అమ్మను నడిపించిన అన్నయ్యకు

దసరా సెలవులకు విశాఖ నుంచి అమ్మను తీసుకుని అండమాన్ వెళ్ళాం. 2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మార్చిన నీల్ ద్వీపం చాలా చిన్నది, ఎంత ప్రశాంతంగా ఉందో! అక్కడ లక్ష్మణ్‌పూర్ తీరంలో సహజ శిలాతోరణం ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దాని దాకా నడవగలం. దారంతా పదునైన పగడపు రాళ్ళు, పాచి.

తిరిగొస్తుంటే అమ్మ చెప్పు తెగింది. జారి అరికాలు కోసుకుంది. రక్తం ఆగడం లేదు, నీళ్ళేమో పెరుగుతున్నాయి. నాకు ఒకటే టెన్షన్.

అప్పుడొచ్చారు మీరు. "తెలుగువాళ్ళేనా? మాది గాజువాకండి" అంటూనే, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళతో అమ్మ కాలు కడిగి, మీ తువ్వాలు చించి కట్టు కట్టారు. మీ చెప్పులు విప్పి అమ్మకు తొడిగారు. వద్దంటే వినలేదు. ఆ రాళ్ళ మీద మీరు ఉత్త కాళ్ళతో నడుస్తూ, "నా భుజం పట్టుకోండమ్మా, కంగారేం లేదు" అంటూ ఇసుక దాకా తీసుకొచ్చారు. కన్నకొడుకైనా అంతకన్నా జాగ్రత్తగా నడిపించడు. మీ ఆవిడ అమ్మకు గొడుగు పట్టి పక్కనే నడిచారు. ఆటో ఎక్కించేదాకా ఇద్దరూ కదల్లేదు. పేరడిగితే నవ్వేసి వెళ్ళిపోయారు.

అమ్మ కాలు పూర్తిగా మానిందండి. మీ ఇద్దరికీ మా ఇంటిల్లిపాది తరఫున చేతులెత్తి నమస్కారాలు.